మందు ఉప్పుగా మారితే



ఈనాటి ప్రసంగంలో మీతో సల్ఫా మందుల గురించి మాట్లాడదలచాను. "ఇది డాక్టర్లు చెప్పవలసిన సంగతి కదా, బడిపంతులుకు ఏం పని?" అని మీరు అనుకోవచ్చు. నిజమే. ఏ జబ్బుకు ఏ మందు వాడాలో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ ఆ మందు ఉప్పుగా ఎలా మారుతుంది, స్ఫటికంగా ఎలా పేరుకుంటుంది, సూక్ష్మజీవిని ఎలా అడ్డుకుంటుంది అనేవి సైన్సు పాఠంలోని సంగతులు. ఆ పాఠం నాకు మొదట బళ్ళో కాదు, మా ఇంట్లోనే ఎదురయింది.

అది 1992వ సంవత్సరం. నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మాది బళ్ళారి జిల్లాలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో రెండు భాషలు, బళ్ళో కన్నడం. శివరాత్రికి రెండు రోజుల ముందు మా అమ్మకు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. ఊళ్ళో ఉన్న కాంపౌండరు తెల్లని బిళ్ళలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చి, "జాస్తి నీరు కుడీరమ్మా" అన్నాడు. నీళ్ళు ఎక్కువ తాగమ్మా అని. ఆ మాట అమ్మకు తెలియక కాదు. కన్నడం ఆమెకు తెలుగంత బాగానూ వచ్చు. కానీ నీళ్ళు ఎందుకు తాగాలో అతను చెప్పలేదు. శివరాత్రి రోజున అమ్మ బిళ్ళ మింగడానికి ఒక గుక్క నీళ్ళు మాత్రం పుచ్చుకుంది. మిగతా పగలంతా, రాత్రి జాగరణ అంతా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తెల్లవారేసరికి నడుం పక్కన పోట్లు, ఎర్రటి మూత్రం.

ఎద్దులబండి మీద రోడ్డుదాకా, అక్కడినుంచి బస్సులో పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరుగారు ఒక బొట్టు మూత్రాన్ని గాజుపలక మీద వేసి, సూక్ష్మదర్శినిలో చూసి, పక్కనే బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ నన్ను పిలిచి, "ఇలా వచ్చి చూడు" అన్నారు. చూశాను. వరికోతలప్పుడు పొలంలో కట్టలు నిలబెడతారు చూడండి, నడుం దగ్గర బిగించి, పైనా కిందా విచ్చుకుని ఉంటాయే, అచ్చం అలాంటి సన్నని కట్టలు కనిపించాయి. "అది మీ అమ్మ మింగిన మందే. సల్ఫాడయాజిన్. నీళ్ళు చాలక ఒంట్లోనే స్ఫటికాలుగా పేరుకుంది" అన్నారాయన. సెలైన్ ఎక్కించారు, సోడా మందు ఇచ్చారు. నాలుగో రోజుకు అమ్మ ఇంటికి వచ్చింది.

ఆ కట్టలను నేను ఈనాటికీ మరచిపోలేదు. ఈ ప్రసంగమంతా ఒక విధంగా ఆ కాంపౌండరు చెప్పకుండా వదిలేసిన "ఎందుకు" అనే మాటకు సమాధానం.

సల్ఫా మందుల కథ జర్మనీలో మొదలయింది. ఎల్బర్‌ఫెల్డ్‌లోని బేయర్ ప్రయోగశాలలో గెర్హార్డ్ డోమాక్ అనే శాస్త్రజ్ఞుడు రకరకాల రంగులను, అంటే బట్టలకు వేసే అద్దకపు రంగులవంటి వాటిని, సూక్ష్మజీవుల మీద పరీక్షించేవాడు. 1932లో క్లారర్, మీట్ష్ అనే ఇద్దరు రసాయనశాస్త్రవేత్తలు ఒక ఎర్రరంగు పదార్థాన్ని తయారుచేసి ఇచ్చారు. స్ట్రెప్టోకోకస్ సూక్ష్మజీవులను ఎక్కించిన ఎలుకలకు దానిని ఇస్తే ఎలుకలు బతికాయి. ఆ మందుకు ప్రోంటోసిల్ అని పేరు పెట్టారు. డోమాక్ ఈ ఫలితాన్ని 1935లో ప్రకటించాడు. అదే సంవత్సరం ఆయన చిన్న కూతురి చేతిలో సూది విరిగి, చేయి చీము పట్టి, తీసేయవలసిన పరిస్థితి వచ్చింది. తండ్రి తన మందునే కూతురికి ఇచ్చాడు. చేయి దక్కింది, పిల్లా దక్కింది.

1939లో డోమాక్‌కు నోబెల్ బహుమతి ప్రకటించారు. జర్మన్లు నోబెల్ బహుమతి తీసుకోరాదని హిట్లర్ ఆంక్ష పెట్టి ఉన్నందువల్ల ఆయన దానిని నిరాకరించవలసి వచ్చింది. యుద్ధం ముగిశాక 1947లో పతకం, ప్రశంసాపత్రం అందుకున్నాడు. గడువు దాటిపోవడంవల్ల డబ్బు మాత్రం రాలేదు.

ఇక్కడొక చిత్రం ఉంది. ఎలుక ఒంట్లో అంత బాగా పనిచేసిన ఆ ఎర్రమందు పరీక్షనాళికలో పోస్తే సూక్ష్మజీవులను ఏమీ చేయలేదు. ఎందుకు? ఈ చిక్కుముడిని 1935లోనే పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌వారు విప్పారు. ప్రోంటోసిల్ శరీరంలోకి వెళ్ళాక రెండు ముక్కలవుతుంది. ఒక ముక్క వట్టి రంగు. రెండో ముక్క రంగు లేని చిన్న పదార్థం, సల్ఫనిలమైడ్. అసలు మందు అదే. ఆ పదార్థాన్ని గెల్మో అనే విద్యార్థి వియన్నాలో 1908లోనే తయారుచేసి ఉన్నాడు. ఇరవై ఏడేళ్ళపాటు ఆ మందు లోకంలో ఉంది, అది మందని ఎవరికీ తెలియదు. ఆ మధ్యకాలంలో ఎందరు బాలింతలు పురిటిజ్వరంతో పోయారో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఆ తరవాత సల్ఫనిలమైడ్ ఒక చివర మార్చి మార్చి ఎన్నో మందులు చేశారు. సల్ఫాపిరిడిన్, సల్ఫాథయజోల్, సల్ఫాడయాజిన్, సల్ఫామెథాక్సజోల్ ఇవన్నీ ఆ కుటుంబంలోని అన్నదమ్ములే. 1938లో వచ్చిన సల్ఫాపిరిడిన్‌కు 'ఎమ్ అండ్ బి 693' అని పేరు. న్యుమోనియాకు గట్టి మందు అంటూ ఒకటి చేతికి రావడం అప్పుడే. పెన్సిలిన్ అందరికీ అందకముందు ప్రాణాలు నిలబెట్టినవి ఈ సల్ఫా మందులే.

సరే, ఇవి సూక్ష్మజీవిని ఎలా అడ్డుకుంటాయి? మా బళ్ళారి శ్రోతలకు అర్థమయ్యే ఉదాహరణ చెబుతాను. మా ఊళ్ళో ఇంటింటా జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషన్లున్నాయి. మిషను అడుగున బాబిన్ ఉంటుంది. చూడటానికి అలాగే ఉండి, కొలత వెంట్రుకవాసి తేడా ఉన్న బాబిన్‌ను పెట్టారనుకోండి. చక్కగా కూర్చుంటుంది. కానీ దారం అందదు, కుట్టు పడదు. సరైన బాబిన్ పెడదామంటే చోటు ఖాళీగా ఉండదు.

సూక్ష్మజీవి తనకు కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని తానే తయారుచేసుకోవాలి. అందుకు దానికి 'పాబా' అనే చిన్న అణువు కావాలి. పూర్తి పేరు పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం. పాబా పొడవు సుమారు 6.7 ఆంగ్‌స్ట్రాములు. సల్ఫనిలమైడ్ పొడవు సుమారు 6.9 ఆంగ్‌స్ట్రాములు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు. ఇంత దగ్గర పోలిక ఉండడంవల్ల సూక్ష్మజీవిలోని ఎంజైము పాబా కూర్చోవలసిన చోట సల్ఫా అణువును కూర్చోబెట్టుకుంటుంది. ఫోలిక్ ఆమ్లం తయారీ ఆగిపోతుంది. సూక్ష్మజీవి వెంటనే చావదు గానీ పెరగలేదు, పిల్లలను పెట్టలేదు. మిగిలిన పని మన ఒంటిలోని రక్షణబలం చేస్తుంది. పాబాతో ఉన్న ఈ పోటీని 1940లో ఇంగ్లండులో డొనాల్డ్ వుడ్స్ కనిపెట్టాడు.

మరి మనకు హాని ఎందుకు లేదు? మనం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసుకోము. ఆకుకూరల నుంచి, పప్పుల నుంచి, కాలేయం వంటి ఆహారం నుంచి తీసుకుంటాము. మన ఒంట్లో ఆ మిషనే లేదు. కాబట్టి తప్పుడు బాబిన్ వల్ల మనకు నష్టం లేదు.

ఫోలిక్ ఆమ్లం పేరు ఎత్తాక ఒక తెలుగువాడిని తలచుకోకుండా ముందుకు పోలేము. ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరిలో భీమవరంలో పుట్టారు. డోమాక్ పుట్టిందీ 1895లోనే. సుబ్బారావుగారి సోదరుడు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయాడు. తిన్నది ఒంటికి పట్టకుండా, రక్తం క్షీణించి మనిషి శుష్కించిపోయే జబ్బు అది. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళిన సుబ్బారావుగారు, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో కలిసి 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయించారు. స్ప్రూ రోగులలో కనిపించే ఆ రక్తహీనతకు ఇదే ఫోలిక్ ఆమ్లం మందయింది. ఆలోచించండి, ఒకే సంవత్సరంలో పుట్టిన ఇద్దరు. ఒకరు సూక్ష్మజీవికి ఫోలిక్ ఆమ్లం దొరకకుండా చేసే మందును వెలికి తెచ్చారు. ఇంకొకరు మనిషికి ఫోలిక్ ఆమ్లం దొరికేటట్టు చేశారు.

ఇప్పుడు ఉప్పు దగ్గరికి వద్దాం.

సల్ఫా మందులకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటి ఉంది. అవి నీళ్ళలో సరిగా కరగవు. ఈ లోపం 1937లో అమెరికాలో ఎంత పని చేసిందో వినండి. పిల్లలు బిళ్ళలు మింగలేరని ఒక కంపెనీ సల్ఫనిలమైడ్‌ను తియ్యటి ద్రవంగా చేసి అమ్మింది. నీళ్ళలో కరగలేదు గనుక డైఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో కరిగించింది. అది మూత్రపిండాలను చంపే విషం. అమ్మేముందు ఎవరూ పరీక్షించి చూడలేదు. వందమందికి పైగా చనిపోయారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. ఆ దుర్ఘటన తరవాతనే 1938లో, మందును అమ్మకానికి పెట్టేముందు అది క్షేమకరమని రుజువు చేయాలనే చట్టం ఆ దేశంలో వచ్చింది. ఈ విషం పాతకథ అయిపోయిందని అనుకోకండి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గుమందు తాగిన పిల్లలు చనిపోయినప్పుడు బయటపడిన పేరు కూడా ఇదే, డైఇథిలీన్ గ్లైకాల్.

కరగని మందును కరిగించడానికి ఇంతకంటే మంచి దారి లేదా? ఉంది. మందును ఉప్పుగా మార్చడం.

ఉప్పు అనే మాట చూడండి. తెలుగులో ఉప్పు, కన్నడంలో ఉప్పు, తమిళంలో కూడా ఉప్పే. రసాయనశాస్త్రంలో మాత్రం ఉప్పు అంటే ఒక్క వంటింటి ఉప్పే కాదు. ఒక ఆమ్లమూ ఒక క్షారమూ కలిసినప్పుడు ఏర్పడే పదార్థాలన్నిటినీ లవణాలంటాము. సల్ఫా అణువుకు రెండు కొసలున్నాయి. గంధకం పక్కనున్న నత్రజని మీది హైడ్రోజన్‌ను అది వదులుకోగలదు. అది ఆమ్లగుణం. రెండో కొసన ఉన్న అమైన్ గుంపు హైడ్రోజన్‌ను పుచ్చుకోగలదు. అది క్షారగుణం. అందువల్ల ఇది క్షారంతోనూ కలుస్తుంది, బలమైన ఆమ్లంతోనూ కలుస్తుంది. ఇటు సోడియం, పొటాషియం, వెండి వంటి లోహాలతో లవణాలు, అటు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వంటి వాటితో లవణాలు తయారుచేయవచ్చు.

సల్ఫాడయాజిన్‌ను అలాగే నీళ్ళలో వేస్తే దాదాపు కరగదు. దాని సోడియం లవణమయితే ఒక గ్రాము సుమారు రెండు మిల్లీలీటర్ల నీటిలోనే కరిగిపోతుంది. ఇంజక్షనుకు అది పనికివస్తుంది. అయితే సల్ఫా మందుల సోడియం లవణాలు చాలావరకు ఘాటైన క్షారాలు. కంట్లో వేస్తే భగ్గుమంటాయి. సల్ఫాసిటమైడ్ ఒక్కటి వేరు. దాని సోడియం లవణపు ద్రావణం దాదాపు తటస్థంగా, కన్నీటికి దగ్గరగా ఉంటుంది. అందుకే అది కంటిచుక్కలుగా నిలబడింది. కండ్లకలక వచ్చినప్పుడు ఆ చుక్కలు వేయించుకుని పెరిగిన వాళ్ళు మీలో చాలామంది ఉంటారు. మీ కంట్లో పడింది ఒక ఉప్పే అన్నమాట.

ఇక స్ఫటికం సంగతి. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను కలకండ ముక్కను తీసుకుపోతాను. మా కన్నడ పిల్లలు దానిని 'కల్లుసక్కరె' అంటారు. రాయిచక్కెర అని అర్థం. చక్కెర పాకంలో దారం వేలాడదీసి కదపకుండా ఉంచితే పలకలు తేరిన ముక్కలు పెరుగుతాయి. ఆ పలకలు ఎవరూ చెక్కలేదు. లోపల అణువులు బారులు తీరి, ఒకే వరసలో పేర్చుకోవడంవల్ల బయట పలకలు తేలాయి. ఇటుకలు ఒక తీరుగా పేరిస్తే గోడ నిటారుగా వస్తుంది కదా, అలాగ.

ఆ వరసను మనం కంటితో చూడలేము. 1912లో జర్మనీలో మాక్స్ ఫాన్ లావే, ఎక్స్‌కిరణాలు స్ఫటికంలోంచి పోయేటప్పుడు చుక్కల ముగ్గులాగా చెదురుతాయని చూపించాడు. ఆ ముగ్గును చదివి అణువులెక్కడ ఉన్నాయో లెక్కకట్టవచ్చునని ఇంగ్లండులో బ్రాగ్ తండ్రీకొడుకులు నిరూపించారు. 1915లో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు కొడుకు వయసు ఇరవై అయిదేళ్ళే. మన దేశంలో ఈ విద్యకు మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్‌గారు గొప్ప పేరు తెచ్చారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో 1979 నుంచి ముప్ఫై ఏళ్ళపాటు పనిచేసిన గౌతమ్ దేశిరాజుగారు, కావలసిన గుణాలున్న స్ఫటికాలను ముందుగా ఆలోచించి నిర్మించే శాస్త్రానికి పునాది వేసిన వారిలో ఒకరు. తరవాత ఆయన బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వెళ్ళారు.

సల్ఫా లవణపు స్ఫటికాన్ని ఎక్స్‌కిరణాలతో చూస్తే ఏం తెలుస్తుంది? మొదటిది, అది నిజంగా లవణమేనా కాదా అని. హైడ్రోజన్ చేతులు మారితేనే లవణం. మారకపోతే రెండు పదార్థాలు పక్కపక్కన పొందికగా కూర్చున్న జంట స్ఫటికం మాత్రమే. సల్ఫా అణువు తన హైడ్రోజన్‌ను వదులుకున్నప్పుడు గంధకానికీ నత్రజనికీ మధ్య దూరం కొంచెం తగ్గుతుంది. ఆ కొలతను బట్టి మార్పు జరిగిందని పోల్చుకుంటారు.

రెండవది, అణువులు ఎలా పేర్చుకున్నాయో తెలుస్తుంది. సల్ఫాథయజోల్ అనే మందు ఒక్కటే అయినా, దాని అణువులు అయిదు రకాలుగా పేర్చుకున్న స్ఫటికాలు దొరికాయి. అణువు అదే, పేర్పు వేరు. పేర్పు వేరయితే కరిగే వేగం వేరవుతుంది. మందుల ఫ్యాక్టరీలో స్ఫటికం తీరు మారిందా అని పదేపదే చూసేది అందుకే. బిళ్ళమీద పేరు, బరువు ఒకటే ఉన్నా లోపలి పేర్పు మారితే ఒంటికి అందే తీరు మారవచ్చు.

ఈ పేర్పు మహిమ బాగా కనిపించేది వెండి లవణంలో. దాని పేరు సిల్వర్ సల్ఫాడయాజిన్. కాలిన గాయాలకు పూసే తెల్లని మలాముగా మీకు తెలిసే ఉంటుంది. అమెరికాలో చార్లెస్ ఫాక్స్ 1968లో దీనిని ప్రకటించారు. అంతకుముందు కాలిన గాయాలకు సిల్వర్ నైట్రేట్ ద్రావణంతో తడిపిన కట్లు కట్టేవారు. అది నీళ్ళలో ఇట్టే కరుగుతుంది. కరిగిన వెండి గాయంలోని ఉప్పుతో కలిసి సిల్వర్ క్లోరైడుగా విరిగిపోతుంది. అందువల్ల మళ్ళీ మళ్ళీ తడపవలసి వచ్చేది.

సిల్వర్ సల్ఫాడయాజిన్ స్ఫటికాన్ని 1970లలో ఎక్స్‌కిరణాలతో పరిశీలించారు. అందులో వెండి పరమాణువు ఒక్క సల్ఫా అణువుతో జతకట్టి ఊరుకోలేదు. పక్కపక్కనున్న సల్ఫా అణువుల నత్రజనినీ ఆక్సిజన్‌నూ కూడా పట్టుకుని ఉంది. ఒకరి చేయి ఒకరు పట్టుకుని నిలబడిన కోలాటం గుంపులాగా అదంతా ఒకటే అల్లిక. అందుకే అది నీళ్ళలో ఒక్కసారిగా కరగదు. గాయం తడిలో నిదానంగా ఊడుతూ కొంచెం కొంచెం వెండిని వదులుతుంది. ఆ వెండి సూక్ష్మజీవి పొరమీద, లోపలి పదార్థాలమీద దెబ్బ తీస్తుంది. ఇక్కడ ముఖ్యమైన పని వెండిదే. సల్ఫాకు లొంగని సూక్ష్మజీవులు కూడా ఈ మలాముకు లొంగడం అందుకు గుర్తు.

గమనించండి. సోడియం లవణం కరగడంవల్ల పనికొచ్చింది. వెండి లవణం కరగకపోవడంవల్ల పనికొచ్చింది. ఒకే మందు, రెండు ఉప్పులు, రెండు గుణాలు.

మరి ఉప్పుగా మారిస్తే మందుకు బలం పెరుగుతుందా? ఈ ప్రశ్నను జాగ్రత్తగా చూడాలి. ప్రయోగశాలలో గంజిలా గడ్డకట్టిన ఆహారం మీద సూక్ష్మజీవులను పెంచి, మందులో ముంచిన కాగితపు బిళ్ళను మధ్యలో పెడతారు. మర్నాటికి బిళ్ళ చుట్టూ సూక్ష్మజీవులు లేని వలయం ఏర్పడితే దానిని మిల్లీమీటర్లలో కొలుస్తారు. బాగా కరిగే లవణానికి పెద్ద వలయం రావచ్చు. అయితే అది ఎక్కువ దూరం పాకడంవల్ల కూడా కావచ్చు. అంతమాత్రాన అణువుకు అణువు ఎక్కువ బలమైందని చెప్పలేము. కరిగిన తరవాత సోడియం దారి సోడియంది, సల్ఫా దారి సల్ఫాది. లోపలికి వెళ్ళి పాబా చోటు ఆక్రమించేది ఆ సల్ఫాయే. ఆ పెంచే ఆహారంలో పాబా వంటివి ఎక్కువగా ఉంటే వలయమే రాకపోవచ్చు. చీములో కూడా అలాంటి పదార్థాలు నిండుగా ఉంటాయి గనుకనే చీముగడ్డలలో సల్ఫా సరిగా పనిచేయదు. కాబట్టి లవణం మార్చేది ముఖ్యంగా మందు చేరే తీరును. వెండిలాగా జోడీగా వచ్చినదానికే స్వంత బలం ఉంటే, అది అదనపు లాభం.

ఇప్పుడు మళ్ళీ మా అమ్మ దగ్గరికి వస్తాను.

బిళ్ళ కడుపులో కరిగి, రక్తంలో తిరిగి, పని చేసి, చివరకు మూత్రపిండాల దగ్గరికి వస్తుంది. అక్కడ నీటిని శరీరం వెనక్కి పీల్చుకుంటుంది. మందు మాత్రం మూత్రంలో చిక్కబడుతుంది. శరీరపు వేడిమి దగ్గర, కొంచెం పుల్లనైన మూత్రంలో, అంటే పీహెచ్ 5.5 ఉన్నప్పుడు, 100 మిల్లీలీటర్లలో 13 మిల్లీగ్రాముల సల్ఫాడయాజిన్ మాత్రమే కరిగి ఉండగలదు. పీహెచ్ 7.5 అయితే 200 మిల్లీగ్రాములు కరుగుతుంది. పదిహేను రెట్లు తేడా! కారణం ఇందాక చెప్పుకున్నదే. క్షారంలో సల్ఫా తన హైడ్రోజన్‌ను వదులుకుని ఉప్పు రూపంలో కరిగి ఉంటుంది. పులుపులో హైడ్రోజన్‌ను తిరిగి తెచ్చుకుని, కరగని రూపంలోకి వచ్చి, స్ఫటికమై కూర్చుంటుంది. ఆ సూదుల్లాంటి స్ఫటికాలు సన్నని నాళాలను గీరుతాయి, మూస్తాయి.

ఉపవాసం ఉన్నవారి మూత్రం చిక్కబడుతుంది, పుల్లబడుతుంది కూడా. మా అమ్మ విషయంలో రెండూ కలిసివచ్చాయి. డాక్టరుగారు సెలైన్ ఎక్కించి మూత్రాన్ని పలచన చేశారు. సోడా మందు ఇచ్చి క్షారం వైపు తిప్పారు. పేరుకున్న మందు మళ్ళీ ఉప్పయింది, కరిగింది, పోయింది. అది మంత్రం కాదు, తొమ్మిదో తరగతి రసాయనశాస్త్రం.

అయితే దీనిని విని ఇంట్లో ఎవరికి వారు సోడా కలుపుకుని తాగకండి. అది డాక్టరు చూసి ఇవ్వవలసినది. మీరు చేయవలసింది నీళ్ళు తాగడం. సల్ఫా మందు వాడేటప్పుడు, గుండెజబ్బువల్లనో మరో జబ్బువల్లనో నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పి ఉంటే తప్ప, పగలంతా సరిపడా నీళ్ళు తాగుతూనే ఉండాలి. ఎండాకాలంలో మరీ ముఖ్యం. మందు వాడే రోజుల్లో ఉపవాసం వస్తే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. శివుడికి మన కష్టం తెలియదా? ఆరోగ్యం బాగయ్యాక వచ్చే ఏడు కూడా శివరాత్రి వస్తుంది.

ఇంకో రెండు మూడు మాటలు. ఈనాడు సల్ఫాను ఒంటరిగా ఇవ్వడం తగ్గింది. సల్ఫామెథాక్సజోల్ అయిదు పాళ్ళు, ట్రైమెథోప్రిమ్ ఒక పాలు కలిపిన కో-ట్రైమాక్సజోల్ మాత్రలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. మొదటిది ఫోలిక్ ఆమ్లం తయారీని ఒక మెట్టు దగ్గర ఆపితే, రెండోది ఆ తరవాతి మెట్టు దగ్గర ఆపుతుంది. అయినా చాలా సూక్ష్మజీవులు ఇప్పుడు ఈ మందులకు లొంగడం లేదు. అవి తమ ఎంజైమును కొద్దిగా మార్చుకున్నాయి. తప్పుడు బాబిన్‌ను పోల్చుకుని తోసేయడం నేర్చాయన్నమాట. మనం అవసరం లేకపోయినా మింగిన ప్రతి బిళ్ళా, తగ్గిందికదా అని మధ్యలో మానిన ప్రతి బిళ్ళా వాటికి ఆ చదువు నేర్పింది.

సల్ఫా కొందరి ఒంటికి పడదు. మందు మొదలుపెట్టాక ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, నోరు పూసినా, చర్మం బొబ్బలెక్కినా వెంటనే మాని ఆసుపత్రికి పోవాలి. ఒకసారి పడలేదని తెలిస్తే ఆ సంగతి ఒక చీటీమీద రాసి ఇంట్లో పెట్టుకోండి. వేరే ఊళ్ళో, వేరే భాష మాట్లాడే డాక్టరు దగ్గరకయినా ఆ చీటీ పనికివస్తుంది. నెలలు నిండిన గర్భిణులకు, రెండు నెలలలోపు పసికందులకు ఈ మందులు ప్రమాదం కావచ్చు. వెండి మలాముకు కూడా ఇదే జాగ్రత్త. మందు అట్టమీద నిలువునా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడనిదని గుర్తు.

కాలినప్పుడు మొదట చేయవలసింది మలాము పూయడం కాదు. చల్లని మామూలు నీళ్ళు ధారగా ఇరవై నిమిషాలపాటు పోయాలి. సిరా, పళ్ళపొడి పేస్టు, పేడ, నెయ్యి ఏవీ పూయకూడదు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. వెండి మలాము కావాలా, ఇంకో రకం కట్టు కావాలా అన్నది ఆయన నిర్ణయిస్తారు. ఎన్నో ఏళ్ళు అన్ని కాలిన గాయాలకూ దానినే పూసేవారు. కొన్ని గాయాలు దానివల్ల ఆలస్యంగా మానుతాయని తేలడంతో ఇప్పుడు వేరే కట్లు కూడా వాడుతున్నారు.

మా బళ్ళో వారానికొకసారి పిల్లలకు నీలంరంగు మాత్రలు పంచుతాము. ఇనుమూ ఫోలిక్ ఆమ్లమూ కలిసిన మాత్రలు. ఒకసారి ఒక పిల్ల, "ఇదెందుకు సార్?" అని కన్నడంలో అడిగింది. గంట కొట్టే వేళయింది. "మింగు, తరవాత చెబుతా" అనబోయి ఆగిపోయాను. ఆ కాంపౌండరు గుర్తుకొచ్చాడు. అతను చెడ్డవాడు కాదు. సరైన మాటే చెప్పాడు. కారణం చెప్పడానికి ఒక్క నిమిషం తీరిక చేసుకోలేదు, అంతే. ఆ పిల్లకు సుబ్బారావుగారి కథ కన్నడంలో చెప్పాను. గంట కొట్టాక కూడా క్లాసు కదలలేదు.

శ్రోతలారా, మందు ఇచ్చేవారిని మీరూ అడగండి. ఎందుకు, ఎన్నాళ్ళు, దేనితో, నీళ్ళెన్ని అని అడగండి. మీకు వచ్చిన భాషలో అడగండి. మా అమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఏ బిళ్ళ చేతికిచ్చినా ముందు చెంబు నిండా నీళ్ళు పక్కన పెట్టుకుని, ఆ తరవాతే, "ఇది దేనికిరా?" అని అడుగుతుంది.